ఇంజన్ మీది అక్షరానికీ ఒక తేదీ ఉంటుంది

నా బల్ల మీద ఇప్పుడొక బొమ్మ టెండర్ ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైల్వే కంపెనీ వాళ్ల కే4ఎస్ ఆవిరి ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసుకెళ్లే పెట్టె అది. పొడవు జానెడు కూడా ఉండదు. ముదురు ఆకుపచ్చ రంగు వేసి ఆరబెట్టాను, దాని మీద మెరుపు వార్నిష్ కూడా పూశాను. ఇక మిగిలింది రెండు పక్కలా ఇంగ్లిషులో ‘పెన్సిల్వేనియా’ అని పన్నెండేసి అక్షరాలు అతికించడమే. ఆ అక్షరాల దగ్గరే మూడు నెలలు ఆగిపోయాను.

అసలు రైళ్లకు చిన్న నమూనాలు కట్టే ఈ పనిలో కొత్తగా దిగినవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ‘అది ఏ ఫాంటండీ?’ పేరు చెబితే కంప్యూటర్లోకి దింపుకుని, టైపు చేసి, ప్రింటు తీసి అతికించేయొచ్చని వాళ్ల ఆశ. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి ఆ ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎందుకు లేదో అర్థమైతే మిగతా చిక్కుముళ్లు ఒక్కొక్కటే వదులవుతాయి.

ఫాంటులో ఒకసారి తయారైన అక్షరం వెయ్యిసార్లు వాడినా ఒకేలా వస్తుంది. ఇంజన్ మీది అక్షరం అలా పుట్టలేదు. అమెరికాలో పెద్ద రైల్వే కంపెనీలకు సొంత డ్రాయింగ్ ఆఫీసులు ఉండేవి. అక్కడ ఒక్కో అక్షరాన్నీ విడిగా గీసి, ఎత్తెంత, నిలువు గీత మందమెంత, కొసన ఉండే చిన్న కొమ్ము ఎంత బయటికి రావాలి అని అంగుళాల్లో కొలతలు రాసేవారు. ఆ డ్రాయింగు నుంచి కాగితం నమూనా తయారయ్యేది. అక్షరం అంచు వెంట సూదితో వరసగా చిల్లులు పొడిచి, కాగితాన్ని టెండర్ రేకుకు ఆనించి, సుద్దపొడి నింపిన గుడ్డ మూటతో తట్టేవారు. చిల్లుల ముగ్గు గొట్టం దొర్లిస్తే వాకిట్లో చుక్కల గీత పడ్డట్టే, కాగితం తీసేసరికి రేకు మీద తెల్లటి చుక్కల్లో అక్షరం రూపు కనబడేది. దాని లోపల పెయింటరు కుంచెతో నింపేవాడు.

చుక్కలు ఒకటే అయినా చేతులు వేరు. ‘పెన్సిల్వేనియా’ అన్న ఇంగ్లిషు మాటలో ఎన్ అక్షరం మూడుసార్లు వస్తుంది. మంచి ఫోటో దొరికితే నేను మొదట ఆ మూడు ఎన్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఏటవాలు గీత ఒకదానిలో కాస్త లావుగా, మరొకదానిలో కొమ్ము కొంచెం పొట్టిగా కనబడితే అది చేత్తో రాసిందని తెలిసిపోతుంది. అదే మాటలో ఎల్, వి, ఏ వరసగా వస్తాయి. కంప్యూటర్లో మామూలుగా టైపు చేస్తే ఎల్ పక్కన పైభాగంలో పెద్ద ఖాళీ పడుతుంది, వి-ఏ మధ్య ఏటవాలు సందు పడుతుంది. చేయి తిరిగిన పెయింటరు ఆ ఖాళీలను కంటితో కొలిచి దగ్గరకు జరుపుతాడు. మన ఊళ్లలో లారీల మీద, కొట్ల బోర్డుల మీద అక్షరాలు రాసేవాళ్లను గమనించినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. స్కేలుతో కొలిస్తే ఎడాలు సమానంగా ఉండవు, దూరం నుంచి చూస్తే సమానంగా కనబడతాయి.

ఇంకో సంగతి. వర్క్‌షాపుల్లో టెండర్లు ఒక ఇంజన్ నుంచి మరో ఇంజన్‌కు మారేవి. అదే మాటను పొట్టి టెండర్ మీద దగ్గర దగ్గరగా, పొడుగు టెండర్ మీద విడివిడిగా రాయాల్సి వచ్చేది. కాబట్టి అక్షరాల మధ్య ఎడం ఎంత అన్నది కంపెనీ పేరు చెబితే తేలదు, ఆ టెండర్‌ను చూడాల్సిందే. అమెరికా మోడలర్లు, అంటే ఇలా బొమ్మ రైళ్లు కట్టేవాళ్లు, వెడల్పాటి, కొమ్ములున్న ఈ పాత అక్షరాలన్నిటినీ కలిపి ‘రైల్‌రోడ్ రోమన్’ అంటారు. ఆ మాట ఒక కుటుంబం పేరు లాంటిది. కుటుంబం పేరు తెలిసినంత మాత్రాన మనిషి మొహం తెలిసిపోదు.

అందుకే ఫాంటు సంగతి అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది: ఏ ఇంజన్? ఏ సంవత్సరం?

సంవత్సరం ఎందుకో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ యూనియన్ పసిఫిక్ అనే మరో అమెరికా రైల్వే కంపెనీ వాళ్ల 844. అది 1944లో తయారైన ఆవిరి ఇంజన్. 1962లో అదే నంబరుతో కొత్త డీజిల్ ఇంజన్ రావడంతో ఆవిరి ఇంజన్‌కు చివర ఇంకో 4 తగిలించి 8444 చేశారు. ఆ డీజిల్ పని ముగించుకున్నాక, 1989లో పాత 844 తిరిగి వచ్చింది. ఫోటో వెనక తేదీ లేకపోయినా, క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) కిటికీ కింద నాలుగంకెలుంటే అది ఆ ఇరవై ఏడేళ్లలో తీసిందే. ఒక్క అంకె అంత సాక్ష్యం చెబుతుంది. 1950ల నాటి స్టేషనూ కార్లూ చుట్టూ పేర్చి, మధ్యలో 8444 నిలబెట్టిన బొమ్మ రైలు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అది కట్టినవాళ్ల శ్రమ నాకు తెలుసు, తేడా అంతా ఆ ఒక్క అంకెలోనే ఉంది.

పెన్సిల్వేనియా వాళ్ల కరెంటు ఇంజన్ జీజీ1 కథ ఇంకా పొడుగు. 1934 నుంచి 1943 వరకు మొత్తం 139 ఇంజన్లు కట్టారు. రేమండ్ లోయీ అనే డిజైనర్ ఆ ఒంటికి రివిట్లు, అంటే రేకులను బిగించే గుండ్రటి తలల మేకులు, తీసేసి అతుకులు కనబడని వెల్డింగ్ పెట్టమన్నాడు, ముక్కు నుంచి ముక్కు దాకా ఐదు సన్నటి బంగారు గీతలు గీయించాడు. 1950ల మధ్యకు వచ్చేసరికి ఆ ఐదు గీతలు పోయి ఒకే వెడల్పాటి పట్టీ, దానితో పాటు కంపెనీ గుర్తయిన పెద్ద ఎర్రటి కీస్టోన్ వచ్చాయి. టస్కన్ ఎరుపు అనే గోధుమ ఛాయ ముదురు ఎరుపు, వెండి రంగు వేసినవీ కొన్ని ఉన్నాయి. 1968లో కంపెనీ న్యూయార్క్ సెంట్రల్‌తో కలిసి పెన్ సెంట్రల్ అయ్యాక నల్లటి ఒంటి మీద పెనవేసుకున్న పి, సి అక్షరాలు తెల్లగా వెలిశాయి. ఆఖరి జీజీ1లు 1983 అక్టోబరులో న్యూజెర్సీలో ఆగిపోయాయి. ఒకే ఇంజన్ తన జీవితంలో ఇన్ని వేషాలు కట్టింది. ‘జీజీ1 డెకాల్ (బొమ్మ మీద అతికించే అచ్చు అక్షరాల పొర) కావాలి’ అంటే ఏ వేషానికి?

సదరన్ పసిఫిక్ వాళ్ల టెండర్ల మీద ‘సదరన్ పసిఫిక్ లైన్స్’ అని ఉంటే ఒక కాలం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ‘లైన్స్’ ఎగిరిపోయింది. సరుకు పెట్టెలైతే ఇంకా తేలిక, ఖాళీ బరువు తూచిన నెలా సంవత్సరమూ వాటి ఒంటి మీదే రాసి ఉంటాయి. మన దగ్గరా ఇదే లెక్క. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. అంతకుముందు విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వేలో, సికింద్రాబాద్ డివిజన్ మధ్య రైల్వేలో ఉండేవి. 1960 నాటి బెజవాడ స్టేషన్ నమూనా కట్టి, అందులో ఇంజన్‌కు దక్షిణ మధ్య రైల్వే పేరు రాస్తే, ఆ స్టేషన్లో పనిచేసిన పెద్దాయన ఒక్క చూపులో పట్టేస్తారు.

ఫోటో చూపించేదీ, దాచేదీ

తేదీ తేలాక ఫోటో కావాలి. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. ఫోటో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని మనం నమ్ముతాం. పాత ఫోటో రంగుల విషయంలో ఆ నమ్మకానికి నిలబడదు.

1869 మే 10న యూటాలోని ప్రోమంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు నుంచి, పడమర నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. ఆండ్రూ రస్సెల్ తీసిన ఫోటోలో ఎడమవైపు సెంట్రల్ పసిఫిక్ ఇంజన్ జూపిటర్, కుడివైపు యూనియన్ పసిఫిక్ 119 ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో జనం, చేతులు కలుపుతున్న ఇంజనీర్లు. అమెరికా పాఠ్యపుస్తకాల్లో ఈ ఫోటో చూడని పిల్లలు ఉండరు. ఆ రెండు ఇంజన్లూ మాత్రం 1900ల మొదటి దశకంలోనే తుక్కు కింద పోయాయి. 1970ల్లో వాటి నకళ్లు కట్టాలనుకున్నప్పుడు అసలు డ్రాయింగులు లేవు. ఫోటోలను పెద్దవి చేసి వాటి మీంచి కొలతలు రాబట్టారు. కాలిఫోర్నియాలోని ఓకానర్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ ఆ పని చేసింది. రంగులూ అలంకారాల బాధ్యత డిస్నీ యానిమేటర్ వార్డ్ కింబాల్ తీసుకున్నారు. జూపిటర్‌కు ఎరుపు వేశారు. 1979 మే 10న రెండూ పట్టాల మీదికి వచ్చాయి.

తర్వాత ఒక పాత పత్రిక బయటపడింది. 1869 మార్చిలో శాక్రమెంటోలో అచ్చయిన వార్త అది. జూపిటర్‌తో పాటు అదే షెనెక్టడీ కార్ఖానాలో పుట్టిన తోబుట్టువు, 63వ నంబరు లెవయతాన్, ఎలా ఉందో అందులో రాశారు. నీలం, ముదురు ఎరుపు, బంగారు సొబగులు. 60 నుంచి 63 దాకా నాలుగు ఇంజన్లూ ఒక జట్టుగా వచ్చినవే కాబట్టి జూపిటర్ కూడా అలాగే ఉండేదని తేల్చి, నకలుకు నీలం వేశారు. ఇవాళ ప్రోమంటరీ వెళితే కనబడేది నీలం జూపిటరే.

ఫోటో చూసి ఎందుకు చెప్పలేకపోయారంటే, ఆ కాలంలో ఫిల్ముకు బదులు వాడిన తడి గాజుపలకకు నీలమూ, కంటికి కనబడని అతినీలలోహిత కాంతీ తప్ప వేరే రంగు దాదాపు తెలియదు. నీలం వస్తువు తేలికగా, పాలిపోయినట్టు పడుతుంది. ఎరుపు నల్లగా పడుతుంది. అంటే ఫోటోలో నల్లగా ఉన్న చక్రం ఎరుపైనా కావచ్చు, ఆకుపచ్చైనా కావచ్చు, నిజంగా నలుపైనా కావచ్చు. తర్వాతి తరం ఫిల్ము పసుపు, ఆకుపచ్చల దాకా ఎదిగినా ఎరుపుకు గుడ్డిదే. ఎరుపు కూడా చూడగల ఫిల్ము మామూలు ఫోటోగ్రాఫర్ల చేతికి బాగా అందింది 1920ల నుంచే. అందువల్ల 1910 నాటి ఫోటోలో నంబరు ప్లేటు వెనక నల్లగా ఉంటే, దాన్ని నలుపు అని రాసుకోకండి. ‘ముదురు, రంగు తేలలేదు’ అని రాసుకోండి.

ఇంజన్ తయారు చేసిన కంపెనీ తీయించిన ఫోటోలు మరో రకం ఉచ్చు. అంత స్పష్టమైన ఫోటోలు మరి దొరకవు. ప్రతి రివిటూ లెక్కపెట్టొచ్చు. కానీ ఆ ఫోటో కోసమే ఇంజన్‌కు మెరుపు లేని బూడిద రంగు వేసేవారు, వివరాలు బాగా పడాలని. ఫోటో అయ్యాక అసలు రంగు వేసి పంపేవారు. అక్షరాల ఆకారానికీ స్థానానికీ అది చక్కని ఆధారం, రంగుకు కాదు. రంగుకు 1930ల చివరి నుంచి కోడాక్రోమ్ స్లయిడ్లు ఉన్నాయి. చీకట్లో దాచిన కోడాక్రోమ్ రంగు దశాబ్దాలు నిలుస్తుంది. మిగతా రకాల పాత స్లయిడ్లు చాలావరకు గులాబీ వైపు తిరిగిపోయి ఉంటాయి. అలాంటి స్లయిడు చూసి టస్కన్ ఎరుపు కలుపుకుంటే ఆ ఇంజన్ పెళ్లిపందిరి గుడ్డలా తేలుతుంది.

కాగితాలూ వెతకాలి. ఇంజన్లు తయారు చేసిన బాల్డ్విన్ కంపెనీ ఏ ఇంజన్ మీద ఏ అక్షరం ఎక్కడ రాయాలో కూడా తన స్పెసిఫికేషన్ పుస్తకాల్లో రాసుకునేది. 1869 నుంచి ఉన్న ఆ పుస్తకాలు ఇప్పుడు డాలస్‌లోని డిగోలియర్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉంటున్న ఎంతోమంది తెలుగువాళ్లకు అది కారు దూరమే. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కాగితాలు చాలావరకు డెలవేర్‌లోని హాగ్లీ లైబ్రరీకి చేరాయి. బాల్డ్విన్ పేరు మనకు పరాయిదేమీ కాదు. ముక్కు మీద నక్షత్రంతో మన స్టేషన్లలో ఆగిన డబ్ల్యూపీ ఇంజన్లలో మొట్టమొదటి పదహారూ 1947లో ఆ ఫిలడెల్ఫియా కంపెనీ కట్టి పంపినవే. ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉన్న 7200 వాటిలో ఒకటి.

మ్యూజియంలో నిలబెట్టిన ఇంజన్ సంగతేమిటి, వెళ్లి చూసి కొలుచుకోవచ్చు కదా అని అడుగుతారు. తప్పకుండా వెళ్లాలి. పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ మ్యూజియంలో 4935 నంబరు జీజీ1 ఐదు గీతలతో ఉంది. మొదటిసారి దాని పక్కన నిలబడ్డప్పుడు గంటసేపు కదల్లేకపోయాను. అయితే ఆ గీతలు 1977లో మళ్లీ వేసినవి. మ్యూజియం ఇంజన్ మీద ఉన్న రంగు, దాన్ని బాగుచేసినవాళ్లు ఆనాటికి తమ దగ్గరున్న ఆధారాలతో ఇచ్చిన తీర్పు. జూపిటర్ విషయంలో చూశాం, ఆ తీర్పు మారవచ్చు.

బంగారం పసుపు కాదు

ఆ మ్యూజియంలోనే నాకు ఇంకో విషయం కళ్లకు కట్టింది. లోపలి దీపాల కింద ఆ ఇంజన్ నలుపే అనిపించింది. పగటి వెలుతురు పడే వైపు వెళ్లి ఓరగా చూస్తే లోపల్నుంచి ఆకుపచ్చ తొంగిచూసింది. బ్రన్స్‌విక్ గ్రీన్ అనే ఆ రంగు అలాంటిది, నలుపులో చిటికెడు ఆకుపచ్చ. దాని గురించి మోడలర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఒకరు నీడలో చూసి, ఒకరు ఎండలో చూసి.

అక్షరాల రంగు ఇంతకన్నా చిక్కు. మొదట్లో ప్రయాణికుల ఇంజన్ల మీది అక్షరాలు నిజమైన బంగారు రేకుతో వేసేవారు. జిగురు వార్నిష్ సగం ఆరాక, ఊపిరి తగిలితే చాలు వణికే ఆ రేకును దాని మీద పరిచి అదిమేవారు. మిఠాయి మీద వెండి రేకు అంటించడం చూసినవాళ్లకు ఆ పని ఎంత ఒడుపైనదో తెలుసు. బంగారు రేకు అద్దం లాంటిది. ఆకాశం అందులో పడితే అక్షరం తెల్లగా మెరుస్తుంది, ఎదురుగా నల్లటి షెడ్డు ఉంటే అదే అక్షరం నల్లబడుతుంది. ఒకే ఫోటోలో మొదటి అక్షరం వెలిగిపోతూ, చివరి అక్షరం మాసినట్టు ఉంటే రంగు పోయిందని అనుకోవద్దు. చాలాసార్లు అది రేకు అన్నదానికే గుర్తు.

రేకు ఖర్చు, పని ఖర్చు పెరిగేకొద్దీ దాని బదులు పసుపు ఛాయ ఎనామిల్ వచ్చింది. డ్యూపాంట్ కంపెనీ డ్యులక్స్ పేరుతో అమ్మిన రంగు అది. ఆ పేరు మనకు ఇళ్ల రంగుల డబ్బాల మీద పరిచయమే. మోడలర్లు దాన్ని ‘డ్యులక్స్ గోల్డ్’ అంటారు. పేరులో బంగారం ఉన్నా మెరుపు లేదు, బాగా పండిన అరటితొక్క రంగు. ఫోటోలో అన్ని అక్షరాలూ ఒకే ఛాయలో ఉంటే అది ఎనామిల్ అయ్యే అవకాశం ఎక్కువ.

బొమ్మ మీద మాత్రం బంగారు రేకు అక్షరానికి కూడా నేను మెరిసే సిరా వాడను. మెటాలిక్ సిరాలో పొడి రేణువులు ఉంటాయి. మూడు మిల్లీమీటర్ల అక్షరంలో ఆ రేణువులు కంటికి కనబడి, ఇసుక చల్లినట్టుంటుంది. ముదురు పసుపుకు కాస్త గోధుమ కలిపి, పైన పలచగా మెరుపు వార్నిష్ వేస్తే రెండడుగుల దూరం నుంచి అది బంగారమే. ఈ మాట ఒప్పుకోని మిత్రులు నాకు ఉన్నారు. వాళ్ల ఇంజన్లూ అందంగానే ఉంటాయి.

కొలత తప్పిన చోటు

ఇప్పుడు లెక్క. హెచ్‌ఓ స్కేలంటే అసలు దానిలో 87వ వంతు, అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. తొమ్మిది అంగుళాల అక్షరం 2.6 మిల్లీమీటర్లకు దిగుతుంది. బొమ్మ మీద ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే అసలు ఇంజన్ మీద మూడున్నర అంగుళాలు జరిగినట్టు.

అక్షరం ఎత్తు తెలియకపోతే ఫోటోలోంచి తీయాలి. అందరూ పట్టుకునేది పెద్ద చక్రం. కే4ఎస్ చక్రం వ్యాసం 80 అంగుళాలు. ప్రింటులో ఆ చక్రం 40 మిల్లీమీటర్లు వస్తే, ఒక మిల్లీమీటరు రెండు అంగుళాలు. టెండర్ మీద అక్షరం నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తే తొమ్మిది అంగుళాలు. వినడానికి ఎంత తిన్నగా ఉందో! నా మొదటి టెండర్ అక్షరాలు నేను ఇలాగే లెక్కకట్టి, ప్రింటు తీయించి, అతికించాను. మాట టెండర్ మీద ఇరుకుగా కూర్చుంది. చివరి అక్షరం ఫోటోలో ఏ రివిట్ వరస దగ్గర ఆగిందో, నా బొమ్మలో దాన్ని దాటిపోయింది.

ఎక్కడ తప్పిందో కనిపెట్టడానికి వారం పట్టింది. చక్రాలు ఇంజన్ కిందుగా, లోపలికి ఉంటాయి. టెండర్ పక్క రేకు దాదాపు రెండడుగులు బయటికి ఉంటుంది, అంటే కెమెరాకు అంత దగ్గర. నలభై అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ రెండడుగుల వల్ల టెండర్ మీద ఉన్నదంతా ఐదు శాతం పెద్దగా కనబడుతుంది. ఆరు సెంటీమీటర్ల మాటలో ఐదు శాతమంటే మూడు మిల్లీమీటర్లు, అంటే ఒక అక్షరం ఎత్తు కన్నా ఎక్కువ. పైగా చక్రం 80 అంగుళాలు ఉండేది కొత్త టైరు వేసినప్పుడే. అరిగేకొద్దీ లేత్ మిషన్ మీద తిప్పి సాపు చేస్తారు, రెండు మూడు అంగుళాలు తగ్గిపోతుంది.

అప్పటి నుంచి అక్షరం ఏ రేకు మీద ఉందో ఆ రేకు మీదే కొలబద్ద వెతుకుతున్నాను. రివిట్లను మించిన కొలబద్ద లేదు. అవి డ్రాయింగులో ఉంటాయి, ఫోటోలో ఉంటాయి, మంచి బొమ్మ మీదా ఉంటాయి. ‘మొదటి అక్షరం ఎడమ అంచు నాలుగో రివిట్ కింద, చివరి అక్షరం కుడి అంచు ఫలానా రివిట్ కింద’ అని రాసుకుంటే మిల్లీమీటర్లతో పని లేదు. కెమెరా ఎక్కడ నిలబడినా రివిట్ రివిటే.

నీళ్లలో జారే పొర

డెకాల్ నిర్మాణం తెలుసుకుంటే దానితో వచ్చే తంటాలన్నీ ముందే ఊహించొచ్చు. కింద కాగితం, దాని మీద నీళ్లలో కరిగే బంక, దాని మీద పారదర్శకమైన సన్నటి పొర, పొర మీద సిరా. నీళ్లలో ముంచితే బంక కరిగి పొర జారుతుంది. ఆ పొరను ఇంజన్ మీదికి దింపుతాం.

మొదటి తంటా సిరాది. ఇంట్లో ఉండే ప్రింటర్లకు తెల్ల సిరా ఉండదు, కాగితం తెలుపే వాటి తెలుపు. వాటి పసుపు పారదర్శకం. తెల్ల కాగితం మీద నిమ్మపండులా మెరిసిన నా పసుపు అక్షరాలు ముదురు ఆకుపచ్చ మీదికి వెళ్లగానే మాయమయ్యాయి. దీపం ఓరగా పెడితే తప్ప కనబడలేదు. కింద తెల్లటి పొర వేసి, దాని మీద పసుపు సరిగ్గా అదే అంచులో పడాలి. జపాన్ ఆల్ప్స్ కంపెనీ చేసిన ఎండీ రకం ప్రింటర్లు మైనపు రిబ్బన్లతో తెలుపు కూడా వేసేవి. అందుకే అవి ఆగిపోయాక కూడా మోడలర్లు పాతవాటిని మరమ్మతు చేసుకుంటూ కాపాడుకున్నారు. దుకాణాల్లో దొరికే మంచి డెకాల్ షీట్లు సిల్క్ స్క్రీన్ మీద అచ్చు వేసినవి, వాటిలో తెలుపు సమస్య ఉండదు.

రెండోది సన్నదనం. అసలు ఇంజన్ మీద అర అంగుళం గీత హెచ్‌ఓలో 0.15 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరుకు అది మూడున్నర చుక్కలు. మూడు వేయాలో నాలుగు వేయాలో దానికి తెలియక, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. అక్షరం కొసల్లో ఉండే కొమ్ములకూ ఇదే గతి. అందువల్ల నేను కొమ్ములను బొమ్మ కోసం ఒక వెంట్రుక మందం లావు చేస్తాను. డ్రాయింగు ప్రకారం అది తప్పు. కంటికి మాత్రం అదే అసలులా అనిపిస్తుంది. 87వ వంతుకు తగ్గించేటప్పుడు అన్నీ సమానంగా తగ్గిస్తే సన్నటివి మాయమవుతాయి.

మూడోది, అందరినీ ఏడిపించేది, వెండిపూత. డెకాల్ ఆరాక అక్షరాల చుట్టూ పొర తెల్లగా మెరుస్తూ కనబడుతుంది, ఎవరో టేపు అంటించినట్టు. మెరుపు లేని రంగు పైకి నున్నగా అనిపించినా సూక్ష్మంగా గరుకు. ఆ గుంతల్లో, పొర కింద గాలి చిక్కి వెలుతురును వెనక్కి కొడుతుంది. అందుకే ముందు మెరుపు వార్నిష్ వేసి నునుపు చేస్తాం, డెకాల్ మీద పొరను మెత్తబరిచే ద్రావణం పూస్తాం, బుడగ మిగిలితే సన్నటి సూదితో పొడిచి మళ్లీ పూస్తాం. ద్రావణం తగిలిన కాసేపు పొర ముడతలు పడుతుంది. గుండె ఆగినంత పనవుతుంది, కానీ అప్పుడు వేలు పెట్టకూడదు. ఆరేకొద్దీ అదే రివిట్ల మీదికి దిగి, రంగులో కలిసిపోతుంది. చివర మెరుపు లేని వార్నిష్‌తో అంతా ఒక్కటవుతుంది.

దశాబ్దాల నాటి పాత షీట్లు దొరికితే వదులుకోకండి. మూతపడిన కంపెనీల షీట్లలో ఇప్పుడెవరూ అచ్చు వేయని చిన్న రైల్వేల అక్షరాలు ఉంటాయి. పొర పసుపెక్కి ఉంటే కొన్ని రోజులు కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే తేటపడుతుంది. నీళ్లలో వేయగానే ముక్కలైపోతుందని అనుమానం ఉంటే, ముందుగా మీద కొత్త పొర ద్రావణం ఒక పూత వేయాలి. షీటుతో పాటు వచ్చిన సూచనల కాగితం మాత్రం పారేయొద్దు. ఒకే షీటులో రెండు మూడు కాలాల అక్షరాలు కలిపి అచ్చు వేస్తారు, ఏది ఏ కాలానిదో చెప్పేది ఆ కాగితమే.

ఇన్నిటిలో అన్నీ కుదరవు. కుదరనప్పుడు నేను ముందు అక్షరాల ఎడం, తర్వాత ఆకారం, ఆ తర్వాతే రంగు చూసుకుంటాను. ఛాయ కాస్త అటూ ఇటూ అయితే వెలుతురు మీదికి నెట్టేయొచ్చు. మాట టెండర్ మీద తప్పు చోట కూర్చుంటే, ఆ ఇంజన్‌తో బతికినవాళ్ల కంటికి అది వేరే ఇంజన్.

నా కే4ఎస్‌కు తేదీ దొరికింది. రెండు పక్కలా రెండు ఫోటోలు, ఒకే వేసవిలో తీసినవి, రివిట్లు లెక్కకు వచ్చేంత స్పష్టంగా. నిన్న రాత్రి కుడివైపు పన్నెండు అక్షరాలూ, ఈ ఉదయం ఎడమవైపువీ దింపాను. ఎల్, వి, ఏ దగ్గర ఎడం ఫోటోలో ఉన్నట్టే వచ్చింది. టెండర్ వెనక భాగం ఫోటో మాత్రం ఇంకా దొరకలేదు. అక్కడ ఆ వేసవిలో నంబరు ఏ ఎత్తున ఉందో, ఎంత పెద్దదో నాకు ఆధారం లేదు. ఆ పక్క రంగు వేసి వదిలేశాను. షీటులో ఆ నాలుగు అంకెలనూ కత్తిరించకుండా, తేదీ రాసిన కవరులో పెట్టి సొరుగులో దాచాను.